పదకొండు సెకన్లు

పగలంతా ట్రాములకు వేళలు రాస్తాను.
నాలుగో నంబరు డిపో ఎప్పుడు దాటాలో,
ఏ డ్రైవరుకి ఏ పూట సెలవో,
మంచు కురిస్తే ఎన్ని నిమిషాలు క్షమించాలో.
బ్ర్నో నగరం నా కాగితం మీంచే
పనికి పోయి, ఇంటికొస్తుంది.
నా సాయంత్రాలకు మాత్రం ఏ పట్టికా లేదు.

ఆరున్నరకి బీట్‌రూట్ పొయ్యి మీద పడేసి
వంటింటి బల్ల మీదే ల్యాప్‌టాప్ తెరుస్తాను.
ఒకరి మొహం ఒకరు చూడని పదిమంది
డబ్బాశించకుండా అల్లుతున్న ప్రోగ్రాం అది.
వాళ్ళు కోడ్ రాస్తారు. నాకు కోడ్ రాదు.
నేను మనుషుల్ని చూస్తాను, అంతే:
ఎక్కడ తడబడతారో,
ఎక్కడ తప్పు తమదేననుకుని
చిన్నగా నవ్వేస్తారో.

"జీతం లేదు, బత్తెం లేదు.
కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంటాడు రాదిమ్,
మాడువాసనకి లేచొచ్చి.
మంట తగ్గించేది ఎప్పుడూ అతనే.

కిందింటి షెబెస్తా గారు
ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు లేత్ మీద పనిచేశారు.
వెంట్రుకలో సగం మందం తేడాని
వేలితో తడిమి చెప్పేవారట.
ఆ వేలు నా బల్ల దగ్గర గాల్లో ఆగింది.

పుట్టగొడుగులేరే సంఘానికి నోటీసు రాశారు ఆయన:
శనివారం, ఆరింటి రైలు, బుట్ట, చాకు, వానకోటు.
రాయడం నల్లేరు మీద నడకే.
దాన్ని బొమ్మగా మార్చి నలుగురికీ పంపాలి, అక్కడ వచ్చింది చిక్కు.
"ఎగుమతా?
నేనేం పుట్టగొడుగుల్ని హాంబర్గుకి ఓడెక్కిస్తున్నానా?"

సాయం చేయకూడదు.
ఈ సాయంలో ఉన్న నియమం అదొక్కటే.
నాలుక పళ్ళమధ్య నొక్కిపెట్టి
గడియారం వైపు చూశాను.
పదకొండు సెకన్లు.
అంతసేపట్లో ట్రాము తలుపులు
రెండుసార్లు తెరుచుకుని మూసుకుంటాయి.

అదే రాసి పంపాను.
"మెనూలో ఉందిగా, వెతుక్కోవచ్చు" అన్నాడొకడు.
"నా దగ్గర బాగానే పనిచేస్తోంది" అన్నాడింకొకడు.
నాలుగు నెలలు వాదించాను
పళ్ళ డాక్టరు వరండాలో,
వాషింగ్ మెషీన్ మూత మీద,
అత్తగారి పుట్టినరోజు కేకు పక్కన.
చివరికి ఒక్క మాట మారింది.
"ఎగుమతి" పోయి "బొమ్మగా దాచు" వచ్చింది.
షెబెస్తా గారు న్యూస్‌పేపర్ పొట్లంలో
ఎండిన పుట్టగొడుగులు తెచ్చిచ్చారు.
ఇల్లంతా తడి అడవి వాసన.

ఆ రాత్రే అనుకుంటా,
ఇంకో ఫిర్యాదు రాస్తుంటే
గుమ్మంలో వొయ్తా నిలబడ్డాడు.
తొమ్మిదేళ్ళవాడు, ఒక మేజోడు ఉంది, ఒకటి లేదు.
నోరు తెరిచాడు, మూశాడు.
తలుపు పిడి మీద వాడి వేలు
అటూ ఇటూ ఊగింది.
అలవాటు చెడ్డది, నేను లెక్కపెట్టేశాను.

ఏడు దాకా వచ్చాక తెలిసింది
నేను ఏం లెక్కపెడుతున్నానో.

వాడికి కావాల్సింది కత్తెర. అంతకన్నా ఏం లేదు.
సొరుగులో ఎక్కడుందో నాకూ తెలియలేదు.
ఇద్దరం నేలమీద కూర్చుని వెతికాం,
బ్యాటరీలు, దారపుండలు, మేకులు,
ఎవరి ఇంటిదో ఒక తాళంచెవి.
మా ఇంటి సొరుగుని
ఎవరైనా పరీక్షించి ఉంటే బావుండేది.

మర్నాడు ఆ పదిమందికీ రాశాను:
ఇకనుంచి గురువారాలు మాత్రమే.
జవాబు రాలేదు. ఎక్కడినుంచో
ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది.

ఇవాళ ఆదివారం. రాదిమ్ ముల్లంగి తరుగుతున్నాడు.
తలుపు తీస్తే షెబెస్తా గారు,
చంకలో కంప్యూటరు.
కొత్త వెర్షన్ వచ్చిందట,
ఆ మాట ఉన్నచోట లేదట.

"గురువారం రండి" అన్నాను.
అనడానికి నాకెంతసేపు పట్టిందో
వెనకనుంచి వొయ్తా చెప్పాడు.