పుర్రచేతి చుట్లు

కొక్కేన్ని బిగింపులో పెట్టి
దీపాన్ని ముక్కు దగ్గరికి లాక్కుంటాను.
పదహారో నంబరు. వడ్లగింజంత.
దారం పద్నాలుగు చుట్లు, వంపు మొదలయ్యే దాకా.
ఆ పైన కుందేలు చెవి నూగు,
ఉమ్మి తడి వేలి కింద
ఒత్తులు చేసినట్టు నలపాలి.
తర్వాత తొంచ్కా వాళ్ళ పుంజు మెడ ఈక.
పుంజు పోయిన ఆదివారమే సూపులో ఉడికింది,
ఈక మాత్రం ఇంకా కయ్యానికి నిక్కుతోంది.

రెక్కకి జింక వెంట్రుకలు.
లోపల బోలు, గాలి దాచుకుంటాయి.
వీపు మీద గుడిసె కప్పులా వాలాలి.
ఇసుక రేణువులతో ఇల్లు అల్లుకుని
ఏడాదిపాటు రాళ్ళ కింద పాకిన పురుగు
కొన్ని సాయంత్రాల కోసం తొడుక్కునే రెక్క అది,
కాడిస్ ఈగది.

ఇదంతా మా అన్న యెర్నేయ్ నేర్పాడు.
"ట్రౌట్ ఆకలితో వస్తుంది,
గ్రేలింగ్ అనుమానంతో వస్తుంది.
నువ్వు అనుమానానికే కట్టు" అనేవాడు.
వాడిది పుర్రచేయి.
వాడి దారం అవతలికి తిరిగేది, నాది ఇవతలికి.
ఎదురెదురుగా కూర్చుంటే
అద్దం చూసుకున్నట్టుండేది.

నాన్న పోయాక మిల్లు పంచుకున్నాం.
పెద్ద రంపం ఎవరిదో తేలలేదు.
పంతొమ్మిదేళ్ళు.
ఇద్రీయ్త్సా నదిలో వాడు పై మడుగు, నేను కింది మడుగు.
చర్చిలో కూడా వాడు అటు వరస.

నిన్న సాయంత్రం వంతెన నీడలో
గ్రేలింగ్ ఒకటి నా ఈగని పీల్చుకుంది,
గిన్నె అంచున జుర్రినంత చప్పుడు.
వలలోకి తీశాను.
తెరచాపలాంటి వీపు రెక్క, ఊదా చుక్కలు,
చేతికంటిన వాము వాసన.
పెదవి మూల ఇంకో ఈగ.
నాది కాదు.
తెగిన నైలాన్ పోగు వేలాడుతోంది.
గోటితో తిప్పి చూశాను.
చుట్లు అవతలికి పోతున్నాయి.

చేపని ప్రవాహానికి ఎదురుగా పట్టుకున్నాను
ఊపిరి అందేదాకా.
ఎవరికో తెలీదు.

రాత్రి ఆ ఈగని బిగింపులో పెట్టాను.
ముల్లు నొక్కేసి ఉంది, పాత అలవాటే.
కానీ ఈక జారింది, తల ముడి వదులైంది.
యెర్నేయ్ ముడి
ఎన్నడూ వదులు కాదు.

చెయ్యి వణుకుతోందన్నమాట.

తల దగ్గర ఐదు చుట్లు వేస్తే చాలు, నిలబడుతుంది.
దారం పట్టుకుని కూర్చున్నాను
ఎటు తిప్పాలో తోచక.
తొంచ్కా పుంజు లేదుగా,
ఎప్పుడు తెల్లవారిందో
ఎవరూ చెప్పలేదు.