మొదట ఎత్తి చూడండి

తాళంచెవి నా జేబులోనే ఉంది, తొందరపడకండి.
ముందు ఈ బండిని ఎత్తి చూడండి.

ముగ్గురు కుర్రాళ్లు అరచేతులు రుద్దుకుంటూ వచ్చారు.
కంకర గుంటలో చక్రం అంగుళం కదిలిందేమో,
అదీ గాలికేనని వెనక నుంచి ఎవరో నవ్వారు.
సరే. ఈ బరువు గుర్తుపెట్టుకోండి.
బోల్తా పడ్డనాడు ఇది మీ రొమ్ము మీద కూర్చుంటుంది,
దించడానికి ముగ్గురు చాలరు.

బాఫిన్ దీవిలో జూన్ నెల, రాత్రి పది.
కుంకనని మొండికేసిన పొద్దు
కొండ భుజాన కూర్చుంది.
తీరాన్ని ఇంకా వదల్లేదు మంచు.
మా ఊళ్లో ఏ కంపెనీ బండినైనా హోండా అనే అంటారు,
నడక రాని పిల్లలకు కూడా ఆ మాట వచ్చు.

వారమంతా ఆరోగ్య కేంద్రంలో గడ్డాలకు కుట్లు వేస్తాను.
శనివారాలు ఇక్కడ, కుట్లు పడకుండా చూసే పని.
దీనికి జీతం లేదు.

ఎక్కేటప్పుడు ముందుకు వంగు,
దిగేటప్పుడు వెనక్కి జరుగు,
వాలుకు అడ్డంగా పోవాల్సొస్తే ఒళ్లంతా కొండ వైపు.
నోటి మాట వినదు బండి, నడుము చెప్పిందే వింటుంది.
ఒక సీటు, ఒక మనిషి.
"మా అమ్మ నలుగురిని ఎక్కిస్తుంది" అన్నాడు నుతారాక్.
వచ్చే శనివారం మీ అమ్మనూ రమ్మను.

సియాసి తెచ్చిన హెల్మెట్ తనకు మరీ వదులు,
గిలక్కాయలో గింజలా ఆడుతోంది తల.
ఎవరిదే ఇది?
"అన్నది."
తిప్పి చూశాను.
ఒక్క గీత లేదు. వెనకాల దుకాణం వాళ్ల ధర చీటీ
అంచు కూడా లేవకుండా అలాగే ఉంది.
"మేకుకు వేలాడుతుండేది" అంది,
గోడను చూపిస్తున్నట్టు చెయ్యెత్తి.

కిందటి సెప్టెంబర్, ఆ రాత్రి డ్యూటీ నాదే.
ఆ సంగతి తనకూ తెలుసు.
ఇద్దరం కాసేపు కంకర వైపు చూశాం.

నా సంచిలోంచి చిన్న సైజుది తీసిచ్చి
గడ్డం కింద పట్టీ బిగించాను, రెండు వేళ్లు దూరేంత.
అన్న హెల్మెట్‌ను ఒక రాయి మీద పెట్టింది,
ముఖం వాలు వైపు ఉండేలా తిప్పి.
హ్యాండిల్‌కు హెల్మెట్లు తగిలించుకున్న కుర్రాళ్లు
ఏమీ ఎరగనట్టు పెట్టేసుకున్నారు, టక్కు టక్కుమంటూ.

తాళంచెవి చాచాను.
ఉండమంది.
బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని
ఒంటరిగా, రెండు చేతులూ పెట్టి,
ఎత్తి చూసింది.