ఎనభై ఆరో వరుస

దులూత్‌లో మార్చి అంటే
సరస్సు మీద మంచు పగిలే చప్పుడు,
నా గుమ్మంలో ఉప్పు మరకల బూట్లు,
అట్టపెట్టెల్లో జనం మోసుకొచ్చే నిరుటి సంవత్సరం.

పన్నుల లెక్కలు రాయడం నా పని.
ఇరవై రెండేళ్లుగా
ఈ ఊరి గుట్టు నాకు అంకెల్లోనే తెలుసు:
ఎవరు విడిపోతున్నారో,
చర్చికి ఇచ్చానన్న డబ్బు ఎవరు ఇవ్వలేదో.

వెండెల్ స్కూబిక్ మాత్రం అట్టపెట్టె తేడు.
నీలం ఫైలు, తేదీలవారీగా పిన్ను కొట్టిన కాగితాలు,
నాకోసం విమానంలో ఇచ్చిన చిన్న చాక్లెట్.
ఊళ్లు తిరుగుతాడు, తిరిగినవి రాస్తాడు.
ఏ కార్డు గీకితే ఎన్ని మైళ్లో,
ఎన్ని మైళ్లకు ఏ ఆకాశమో
అతను చెబితే వినాలి.
అరచేతిలో వైకుంఠం అంటారే,
అది సరిగ్గా ఒక కార్డంత ఉంటుంది.

"ఒక్కటే తీసుకోవాలంటే ఇదే తీసుకోండి,
మా అమ్మకైనా ఇదే చెబుతాను"
అని రాశాడు అక్టోబర్లో.
నేనూ తీసుకున్నాను.
లిస్బన్ చూడాలని నాకు.
మా ఊరి వీధుల్లాగే నిటారుగా ఉంటాయట అక్కడ,
కాకపోతే జారిపడటానికి మంచుండదట.

మూడు నెలల్లో నాలుగు వేల డాలర్లు ఖర్చుపెట్టాలి.
పెట్టాను.
పాత ఫ్రిజ్ గుర్రుమంటూ నడుస్తుండగానే కొత్తది కొన్నాను.
మైళ్లు వచ్చాయి.
వచ్చిన వారానికే
అరవై వేలకు అందే ఊరు తొంభై వేలకు జరిగింది,
భూమి మీద ఒక్క అంగుళం కదలకుండా.

ఇవాళ అతని ఫైలు విప్పాను.
చదివేవాళ్లు ఇచ్చింది: సున్నా.
చదివేవాళ్లను ఇచ్చినందుకు: లక్షా పన్నెండు వేలు.
వెనక బ్యాంకు పంపిన జాబితా.
పేర్లుండవు. తేదీ, పోస్టల్ కోడ్, మొత్తం.
ఎనభై ఆరో వరుస:
అక్టోబర్ పద్నాలుగు, మా వీధి కోడ్,
నూట డెబ్భై అయిదు డాలర్లు.

పెన్సిలు ఆగింది.
చీకట్లో అద్దం తగిలినట్టయింది.

ఖర్చుల కాగితాలు తిరగేశాను.
టిక్కెట్లు, హోటళ్లు, లిస్బన్‌లో ఒక రాత్రి చేపల భోజనం,
అన్నీ ఒకే కార్డు మీద:
సుపీరియర్ వీధి మలుపులో చిన్న సహకార బ్యాంకుది.
ఏడాది రుసుం లేదు, నూటికి రెండు వెనక్కి.
దాని గురించి అతను ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు.
రాస్తే ఎవరూ ఏమీ ఇవ్వరు.

అబద్ధమాడాడా అంటే, ఆడలేదు.
పేజీ అడుగున చీమలబారు అక్షరాల్లో
"కొన్ని సంస్థల నుంచి మాకు ప్రతిఫలం అందవచ్చు" అని ఉంది.
ఆ "వచ్చు"లో
మా సరస్సు మీది పొగమంచంతా పట్టేస్తుంది.
చెప్పినవన్నీ నిజాలే.
కొన్ని నిజాలకు జీతం లేదు,
అందుకని అవి పనికి రాలేదు.

నాలుగింటికి వచ్చాడు, బూట్లు దులుపుకుంటూ.
"అన్నీ సరిగ్గా ఉన్నాయా, ఐలా?"
మీ అమ్మగారు ఏ కార్డు వాడుతున్నారు
అని అడగబోయాను.
నాలుక చివరిదాకా వచ్చింది.

కానీ ఇప్పటిదాకా పద్దెనిమిది మందిని
నా దగ్గరికి పంపింది ఇతనే.
"లెక్కలంటే ఐలా రౌటియోనే" అంటాడట.
తలకు నలభై చొప్పున అతని బిల్లులో తగ్గిస్తాను.
ఆ సంగతి పద్దెనిమిది మందిలో ఎవరికీ నేను చెప్పలేదు.
చీమలబారు అక్షరాల్లో కూడా.

"సరిగ్గానే ఉన్నాయి" అన్నాను.
కూడికల వరకూ అది నిజం.
సంతకం చేసి, చాక్లెట్ బల్ల మీద పెట్టి వెళ్లాడు.
బంగారు కాగితం, పోర్చుగీసు అక్షరాలు.

విప్పుదామా వద్దా అనుకుంటుంటే
మెట్ల మీద అడుగులు.
చెవులు ఎర్రబడ్డ ఒక కుర్రవాడు,
చేతుల్లో తడిసిన అట్టపెట్టె.
"స్కూబిక్ గారు పంపారండి,
మీరైతే నమ్మొచ్చని."

రండి, కూర్చోండి అన్నాను.
పెట్టె అందుకుంటూ
పంతొమ్మిది, అనుకున్నాను.