మూడో గేరు

ముందే చెప్పాను, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని.
ఆటోనగర్‌లో, రేకుల షెడ్డు నీడన,
బానెట్ మీద అరచెయ్యి పెడితే
అప్పుడే దించిన ఇడ్లీపాత్ర.
"ఎండమ్మా," అన్నాడు బ్రోకరు సాంబశివుడు.
షెడ్డులో ఎండ లేదు.

జిలానీ మేస్త్రి ఏమీ అనలేదు.
జేబురుమాల్లో చుట్టిన అయస్కాంతం తీసి
తలుపుల మీద, మడ్‌గార్డుల మీద నెమ్మదిగా జరిపాడు.
పట్టుకున్నచోట ఇనుము, జారినచోట పుట్టీ.
ఎడమ తలుపు మొత్తం జారింది.
కుడి తలుపు గోకితే ఆకుపచ్చ కింద మరో ఆకుపచ్చ,
దాని కింద తెల్లక్షరాల్లో
నీటిపారుదల శాఖలో మిగిలిన ముక్క:
"పారుద".

తొంభై ఆరు మోడలు జీపు. వేలంలో కొన్నది ఎవరో కాదు,
పందొమ్మిదేళ్ళు కాలవగట్ల మీద దాన్ని తోలిన డ్రైవరే.
మరియదాసు. మూలన ప్లాస్టిక్ కుర్చీలో
తన బండి కానట్టు కూర్చున్నాడు.
లేచి నడిస్తే ఎడమ మోకాలు కాస్త ముందుకొస్తుంది,
ఏదో తోసుకుంటూ పోతున్నట్టు.

బెజవాడలో ఇప్పుడు పాత బండి కొనేవాళ్ళు
మైలేజీ కంటే ముందు అడిగేది ఒకటుంది:
"బుడమేరు నీళ్ళు తాగిందా?"
ఆటోనగర్ మొత్తంలో తాగిన బండి ఒక్కటీ లేదు.
మునిగినవన్నీ ఏ ఊరివో మరి.

మేస్త్రి వెల్లకిలా కిందికి దూరాడు.
కాళ్ళే కనబడుతున్నాయి, మాటలే వినబడుతున్నాయి:
క్రాస్ జాయింట్ కొట్టుకుంటోంది.
పట్టీల్లో ఒకటి మార్చారు, లారీది.
గేర్‌బాక్సు చెమట పట్టింది, కారట్లేదు.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
బయటికొచ్చి చూపుడువేలు చూపించాడు.
చాసిస్ కన్నంలోంచి తీసిన ఒండ్రు,
గోటి కింద బూడిదరంగులో.

సాంబశివుడు నోరు తెరిచేలోపు మరియదాసు లేచాడు.
"మునగలేదమ్మా. దిగింది.
సింగ్‌నగర్లో నేనే దించా, సీటు దాకా నీళ్ళు.
నాలుగు రోజులు కార్లు లాగా, ఆటోలు లాగా, ఒక పాలవ్యాను లాగా.
పుణ్యానికనుకునేరు, బండికి ఐదొందలు తీసుకున్నా.
మా బావమరిది దగ్గర మటుకు తీసుకోలా.
వాడు అడిగినా ఇచ్చే రకం కాదు."

బ్రోకరు తల పట్టుకున్నాడు.
నాకు ఆ ఐదొందల దగ్గర నమ్మకం కుదిరింది.

డిప్‌స్టిక్ లాగి ఆవిరి చూశాం.
పొగ నల్లగా లేచి, పలచనై, పోయింది.
చిన్న లివరు వెనక్కి లాగితే ముందు చక్రాలూ పనిలోకొచ్చాయి,
షెడ్డు వెనక ఇసుకగుట్ట ఎక్కి దిగింది.
నాకు కావలసింది అదే. మైలవరం అవతల
కొండ అంచున మామిడితోట కౌలు నాది.
వానపడితే అక్కడ దారి ఎర్రటి జావ.
కాయ కోతకొచ్చాక ట్రాక్టరువాణ్ణి
రెండు సీజన్లు బతిమాలాను. చాలు.

లక్షా ఎనభై అన్నారు. లక్షా పాతికన్నాను.
తలుపుకింత, లారీ పట్టీకింత తెగ్గోసి,
వేడి బానెట్‌కి సాంబశివుడి కమీషన్లో కొంత కోసి,
లక్షా నలభై రెండు దగ్గర టీలొచ్చాయి.
చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దాం,
ఆర్సీ పక్కన పెట్టి ఒక్కో అంకె పైకి చదివాం.

సంతకానికి మరియదాసు కళ్ళజోడు మార్చాడు,
మళ్ళీ మొదటిదే పెట్టుకున్నాడు.
గీత ఎక్కడుందో మేస్త్రి వేలితో చూపించాల్సొచ్చింది.
ఎందుకమ్ముతున్నావని నేనింక అడగలేదు.

తాళం నా చేతిలో పడ్డాక అన్నాడు:
"మూడో గేరు ఎగిరొస్తదమ్మా.
షెడ్డు వెనక మూడు దాకా పోయే చోటేదీ, మేస్త్రికి దొరకలా.
డబ్బు తగ్గించను. మోకాలు ఆనించు."

గొల్లపూడి దాటాక రోడ్డు ఖాళీ అయింది.
మూడులో పడీ పడగానే లివరు
తలుపు సందులోంచి జారుకునే పిల్లిలా వెనక్కి రాబోయింది.
మోకాలు పెట్టాను.
రాడ్డు మీద ఒకచోట నల్లరంగు పోయి
ఇనుము నున్నగా మెరుస్తోంది,
నా మోకాలికి రెండంగుళాలు పైన.

సీటు మీద ఒక గోనెసంచి మడిచి వేసుకోవాలి.