చిట్టీ నంబరు 510510

మిర్యాలగూడల అద్దంకి రోడ్డు పొంటి
మిల్లు కాంటా కాడ నాది రాత్రి డ్యూటీ.
ఉప్పుడు బియ్యం వాసన, మీద రాలే ఊక బూడిద,
చిట్టీలు కక్కే చిన్న మిషను.
ఇంటర్ల లెక్కలు రెండుసార్లు తప్పినోణ్ణి,
అయినా చిట్టీ నంబర్లను విడగొట్టుకుంట కూసునుడే
నిద్ర రాకుండ నేను తాగే చాయ.

పదిహేను రోజుల సంది ఒక్క నంబరుకు కాపు కాసిన.
ఐదు లక్షల పదివేల ఐదు వందల పది.
పలికితే దమ్ము సాలదు.
రాస్తే ఐదు ఒకటి సున్నా, మళ్ల ఐదు ఒకటి సున్నా,
ముందలోని అడుగుల అడుగేసి నడిసినట్టు.
గట్ల నడిసే ఏ ఆరంకెల లెక్కనైనా
ఏడు, పదకొండు, పదమూడు మిగలకుంట మింగుతయి.
దీన్ల ఇంక రెండున్నది, మూడున్నది, ఐదున్నది,
ఆఖర్కి పదిహేడు గూడ.
మొదటి ఏడు ప్రధాన సంఖ్యలు
తలా ఒక్కసారి వచ్చి
ఒక్క బస్తాల సర్దుకున్నయి.
ఇంతకన్న చిన్న బస్తాల ఆ ఏడూ పట్టవు.

ఆ చిట్టీ పడ్డది తెల్లారుజాము మూడున్నరకు,
వేములపల్లి దిక్కుకెల్లి వచ్చిన ట్రాక్టరుకు.
వడ్లు సైదమ్మవి.
డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టి పండిండు,
ఆమెనే దిగి కిటికీ కాడికి వచ్చింది.
చిట్టీ చేతికియ్యకుంట మొదలువెట్టిన:
"అమ్మా, ఈ అంకెను ఏడుగురికి పంచు, ఏం మిగలదు.
పదముగ్గురికి పంచు, మిగలదు."

ఆమె ఇన్నది. కొంగుతోని మొఖం తుడుసుకున్నది.
"నాకు ఇద్దరు కొడుకులు. సగం సగం పోతదా?"
పోతది.
"ఆళ్లకు మళ్ల ఇద్దరిద్దరు."
నా నోరు పడిపోయింది.
రెండు అనేది దాంట్ల ఒక్కసారే ఉన్నది.
ఇంకోపాలి సగం అడిగితే
ఇద్దరి కాడా ఒక్కొక్కటి మిగులుతది.
"మిగిలింది నాకే ఉంచు" అన్నది.
చిట్టీ తీసుకొని, పోబోయి, మళ్ల తిరిగింది.
"గింత మంచి అంకెకు తరుగెంత తీస్తరు కొడుకా?"
తరుగు నేను తియ్య.
శేటు తీస్తడు, పొద్దెక్కినంక.

ఎనుక బండికి 510511.
రెండు వచ్చి తలుపు కొట్టింది. మూడు కొట్టింది.
పదిహేడు దాక ఏడూ కొట్టినయి,
ఎవరు వచ్చినా ఒకటి మిగులుతనే ఉన్నది.
ఎవ్వలూ విడదియ్యలేని అంకె దొరికిందనుకున్న.
అట్టముక్క ఎనుక గీతల మీద గీతలు,
నడుమ రెండు లారీలు తూకమేసి మళ్ల గీతలు.
పందొమ్మిది వచ్చింది, పిలువని చుట్టం. దూరింది.
దాని ఎంబడి తొంభై ఏడు,
రెండు వందల డెబ్బై ఏడు.
మూడే ముక్కలు.
ఒక్కదానికి గూడ నా మొఖం ఎర్కలేదు.

పొద్దు పొడిసింది.
శేటు కారు ఇంక రాలే.
సైదమ్మ ట్రాక్టరు నీడల కూసొని
చిట్టీని మడత పెడుతున్నది.
సగానికి.
మళ్ల సగానికి.
కాయితం ఏమనలే.