తొమ్మిదో అంశం

బోర్డు మీద మూడు శాఖలు గీశాను,
ఇరవై రెండేళ్లుగా గీస్తున్నవే:
చట్టం చేసేది, నడిపేది, తీర్పు చెప్పేది.
వెనక వరసలోంచి వెర్లిన్ హాఫ్‌స్టాడ్
చెయ్యెత్తకుండానే అడిగాడు:
"శాఖలు సరే టీచర్, వేరెక్కడ?"

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను.
జవాబు మాత్రం ఆ రోజు దొరకలేదు.

జనవరిలో ఓ మంగళవారం. మినెసోటా చలి, మైనస్ పంతొమ్మిది.
పదకొండు మందిని వెంటేసుకుని టౌన్ హాలుకి పోయాను,
హాజరైతే అయిదు మార్కులని ఆశపెట్టి.
మొదటి ఎనిమిది అంశాలూ
మంచు ఊడ్చే బండి టైర్లూ, పోయిన నెల మినిట్సూ.
ఇద్దరు నిద్రపోయారు. తప్పు పట్టను,
మేయరు కూడా సగం అదే పనిలో ఉన్నాడు.

తొమ్మిదో అంశం: పాత వంతెన మీద దీపాలు.

ఇఫ్రాహ్ లేచింది.
హాజరు పిలిస్తే "ఉన్నాను" అనడానికే
వెనకాడే పిల్ల.
మైకు ఆమె నుదుటి ఎత్తున ఉంది.
ఎవరూ దించలేదు. తనే పట్టి వంచింది.
హాలంతా కీచుమంది.

"మా అమ్మది టర్కీ కోళ్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
ఒంటిగంటకి ఆ వంతెన మీదుగా నడిచొస్తుంది.
దీపాల్లేవు."
అంతే. నలభై సెకన్లు.

క్లర్కు గడియారం ఆపబోయాడు.
"ఆపకండి. మూడు నిమిషాలు నావి అన్నారుగా.
మిగిలింది, అమ్మ వంతెన దాటడానికి పట్టేంత."

నిలబడింది, ఊరికే.
గోడ మీద ఎర్ర అంకెలు తరుగుతున్నాయి.
హీటరు దగ్గింది.
ఎవరో కుర్చీలో కదిలి ఆ చప్పుడుకి తామే సిగ్గుపడ్డారు.
ఏడుగురు సభ్యులూ కాగితాలు తిరగేసి, తిరగేసి,
ఇక తిరగేయడానికి ఏమీ లేక
తలెత్తారు.
రెండు నిమిషాల ఇరవై సెకన్లు
ఎంత పొడవుంటాయో
నాకూ అప్పుడే తెలిసింది.

ఓటింగు జరగలేదు. కమిటీకి పంపారు.
"అంటే గెలిచామా?" వ్యానులో ఎవరో.
"కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది?" ఇది వెర్లిన్.
మార్చి, రెండో గురువారం అన్నాను.
అరచేతి మీద రాసుకోబోయాడు.
చలికి పెన్ను మొరాయిస్తే
నోటి ఆవిరి ఊది, మళ్లీ.

శుక్రవారం క్విజ్‌లో
సెనేటర్లు మొత్తం ఎందరన్న ప్రశ్నకి
ఇఫ్రాహ్ యాభై అని రాసింది.
ఎర్ర పెన్ను ఎత్తి కాసేపు ఆగాను.
తర్వాత కొట్టేశాను. తప్పు తప్పే.

పేపరు మడిచి సంచీలో పెట్టుకుంటూ,
నా వైపు చూడకుండా అడిగింది:
"మార్చిలో మీరొస్తారా టీచర్,
అయిదు మార్కులు లేకపోయినా?"