కుర్చీలు వేసినవాడు

మూడున్నరకే చీకటి పడింది.
హెక్టర్ మంచు తోసే బండి తెచ్చి
హాలు ముందు రెండు చుట్లు తిరిగి వెళ్ళాడు.
వాడు మలుపు తిరిగేలోగా దారి మళ్ళీ పూడింది.
నూట ఇరవై కుర్చీలు వేశాను.
ఎనభై చాలుగదా,
పోయినవాళ్ళని కూడా పిలిచావా, అంది మోరాగ్.
ఏమో. పాత కాగితం చూసి వేశాను.

బాయిలరు గదిలో ఊనా,
పద్నాలుగేళ్ళది, పళ్ళకి తీగలు,
తిత్తిని చంటిబిడ్డలా కోటు లోపల పెట్టుకుని
వెచ్చజేస్తోంది.
చలికి రెల్లుపీక పెళుసెక్కుతుందట.
ఈ కేప్ బ్రెటన్‌లో
చలికి పెళుసెక్కనిదేముంది?

హాలంతా తడిసిన ఉన్ని వాసన,
మరిగి మరిగి నల్లబడిన టీ వాసన.
తెర మీద పిల్లలు ఓడ బొమ్మ వేశారు,
అది తొట్టిలా వచ్చింది.
ఆ ఓడలోనే మనవాళ్ళు సముద్రం దాటారని మాస్టారన్నాడు.
అక్కడ మన ఇళ్ళు పడగొట్టి
గొర్రెల్ని తోలారని గొంతు పెంచాడు.
అందరం చప్పట్లు కొట్టాం,
ఒక్కొక్కళ్ళ ఒంటిమీదా
ఉన్ని చొక్కా.

తర్వాత లాక్లన్.
కమాను ఎత్తకముందే వాడి మడమ మొదలెడుతుంది,
ఫిడేలు దాని వెనక పరిగెత్తుకొస్తుంది.
ఆ మడమ అరగదీసిన చెక్కని
నిరుడు నేనే మార్చాను.
పాతది పొయ్యిలో పెట్టబుద్ధి కాలేదు,
షెడ్డులో ఉంది,
దాని మీద రంగు డబ్బాలు పెడుతున్నా.

ఇక ఊనా.
చంకలో తిత్తి, భుజాన మూడు గొట్టాలు,
బుగ్గలు నిండుగా.
శ్రుతి లేచింది, నా చెంచాల పెట్టె కూడా వణికింది.
రెండో వరస మధ్యలో
టక్కుమని ఏదో చిట్లింది.
తిత్తి మూలిగింది,
ఆ పిల్ల ఇచ్చిన ఊపిరంతా
పక్కనించి జారిపోయింది.
వేదిక మీద బిడ్డ
చెవుల దాకా ఎరుపు.
ఎవరో దగ్గారు. ఎవరూ కదల్లేదు.

అప్పుడు వంటగది గుమ్మంలోంచి
మర్డీనా,
చేతిలో తుడుస్తున్న కప్పు,
అందుకుంది.
ఆగిన చోటు నుంచే.
హిన్ డో, హో డ్రో, హిన్ డా,
మాటలు కావవి, మాటల పొట్టు,
పాదాలకి తప్ప ఎవరికీ అర్థం కానక్కర్లేని
నోటి దరువు.
ఫిడేలు పిండిబస్తాకి తాకట్టు పడ్డ చలికాలం
వాళ్ళమ్మ పిల్లల్ని ఇలాగే గంతులేయించిందట,
కడుపులో మంట తెలియకుండా.

లాక్లన్ మడమ కలిపాడు.
వెనక వరసలో ఇద్దరు లేచారు.
కుర్చీలు జరిపేశారు,
గంటసేపు కొలిచి వేసినవి.
నేను మాత్రం ఊనా చేతులకేసి చూశాను.
ఊపిరి లేని గొట్టం మీద
దాని వేళ్ళు నడుస్తున్నాయి,
ప్రతి రంధ్రం మీదా, ముసలావిడ వెనకే,
ఒక్క స్వరం తప్పకుండా,
చప్పుడు లేకుండా.

మా నాయనమ్మకి ఆ భాషే అన్నం, నీళ్ళు.
బడిలో దానికోసమే అరచేతి మీద దెబ్బలు తింది.
మాకు నేర్పలేదు.
నాకు మిగిలినవి మూడు ముక్కలు:
నా బంగారం, నోర్ముయ్, తలుపెయ్.

పదింటికి హాలు ఖాళీ.
నలభై కుర్చీల్లో ఎవరూ కూర్చోలేదు,
కోట్లు కూర్చున్నాయి, నీళ్ళు కారుతూ.
ఇప్పుడు అవీ లేవు, మడుగులున్నాయి.
తుడుస్తుంటే వేదిక కింద
రెల్లుపీక ముక్క దొరికింది.
రేపు ఊనాకివ్వాలి. ఏం చేసుకుంటుందో.

గుమ్మంలో మర్డీనా, తలకి గుడ్డ చుట్టుకుని,
మంచులోకి అడుగేసి వెనక్కి తిరిగింది,
ఆ భాషలో ఏదో అంది.

అర్థమైంది.
తలుపేశాను.